వార్డు మెంబరుగా గెలిచారా? ఊరి బడికి పనికొచ్చే పద్ధతి ఇది

వార్డు మెంబరుకు జీతం లేదు, ఆఫీసులో కుర్చీ లేదు, చెక్కు మీద సంతకం అసలే లేదు. తెలంగాణలో ఆ సంతకాలు సర్పంచివి, ఉపసర్పంచివి. గెలిచిన వారం రోజులు డప్పులు, దండలు. ఆ తర్వాత నెలకోసారి పంచాయతీ మీటింగుకు పోయి, రిజిస్టరులో సంతకం పెట్టి, చాయ్ తాగి ఇంటికి రావడం. 2019 నుంచి 2024 దాకా నేను మెంబరుగా ఉన్నాను. మొదటి ఏడాది అచ్చం ఇదే చేశాను. మిగిలిన నాలుగేళ్ళు బడిని పట్టుకున్నాను.

2025 డిసెంబరులో తెలంగాణలో మళ్ళీ పంచాయతీ ఎన్నికలు జరిగాయి. లక్షకు పైగా వార్డులు. మా వార్డులో గెలిచిన కుర్రాడు ఒకరోజు ఇంటికొచ్చి, "అన్నా, సర్పంచి అయితే రోడ్డు వేస్తాడు, లైటు వేస్తాడు. నేనేం చేయాలి?" అని అడిగాడు. అతనికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. ఆంధ్రప్రదేశ్‌లో కమిటీల పేర్లు, పథకాల పేర్లు వేరుగా ఉంటాయి గానీ పని పద్ధతి చాలావరకు ఇదే.

ఒక మాట ముందే. విద్య పంచాయతీది కాదు, విద్యాశాఖది అనేవాళ్ళు మీకు చాలామంది దొరుకుతారు. సార్లను వేసేదీ, జీతాలిచ్చేదీ ప్రభుత్వమే, నిజమే. కానీ 1992లో వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల కోసం 11వ షెడ్యూలులో 29 అంశాలు రాసింది. అందులో 17వది ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలు, 20వది గ్రంథాలయాలు. "నీకెందుకయ్యా" అన్నవాళ్ళకు ఆ అంకె చెప్పండి, చాలు. ఎక్కువ వాదించకండి.

ముందు ఒక నోటుబుక్కు కొనండి

బడికి పోకముందు మీ వార్డు తిరగండి. మీకు ఏ వందో నూట ఇరవయ్యో ఇళ్ళు ఉంటాయి. సాయంత్రం ఆరు దాటాక, పొలం నుంచి అందరూ వచ్చాక, రోజుకు పదిహేను ఇళ్ళ చొప్పున వారం పది రోజుల్లో అయిపోతుంది. ఒక్కో ఇంట్లో మూడేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా ఉన్న పిల్లల పేరు, వయసు, ఏ బడి, ఏ తరగతి, బడికి పోతున్నారా లేదా అన్నది రాసుకోండి. మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళకు అంగన్‌వాడీకి పోతున్నారా అని అడగండి.

ఇది మీ ఉబలాటం కొద్దీ చేసే పని కాదు. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం పద్నాలుగేళ్ళలోపు పిల్లల లెక్క ఉంచడం స్థానిక సంస్థ బాధ్యత. ఆచరణలో ఆ లెక్క సార్లే సర్వే చేసి రాస్తారు. ఇంట్లో వాళ్ళు సారుకు ఒకటి చెప్తారు, మీకు ఇంకొకటి చెప్తారు. నేను తిరిగినప్పుడు బడి రిజిస్టరులో ఏడో తరగతి చదువుతున్న ఒక పిల్ల నిజానికి మూడు నెలలుగా తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంట్లోనే ఉంది. వాళ్ళమ్మ పత్తి ఏరడానికి పోతోంది. అంగన్‌వాడీ మా వార్డుకు దూరం. ఇంకో ఇద్దరు మగపిల్లలు అక్టోబరులో పత్తి మొదలయ్యాక వారానికి మూడు రోజులే బడికి పోతున్నారు. ఇవేవీ బడిలో కూర్చుంటే కనపడవు.

ఆ మొదటి పిల్ల సంగతి ఎలా తేలిందంటే, పిల్లవాణ్ణి పగలు చూసుకోవడానికి పక్కింటి ముసలమ్మ ఒప్పుకుంది. ఏ ప్రభుత్వ పథకమూ కాదు, ఏ కాగితమూ లేదు. మెంబరు వచ్చి అడిగాడు కాబట్టి ఒప్పుకుంది, అంతే. వార్డు మెంబరు చేతిలో ఉన్నది ఇలాంటి పలుకుబడే. కలెక్టరుకు కూడా ఇది ఉండదు.

తిరిగేటప్పుడు ఇటుక బట్టీలకూ, పత్తి మిల్లులకూ వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కుటుంబాల్ని వదలకండి. వాళ్ళ ఓట్లు మన ఊళ్ళో లేవు కాబట్టి ఎవరూ వాళ్ళ గుడిసె దాకా పోరు. జనన ధ్రువపత్రం లేదనో, పాత బడి ఇచ్చే టీసీ (బదిలీ పత్రం) లేదనో ఆ పిల్లల్ని చేర్చుకోం అనడానికి వీల్లేదు. వయసు రుజువు లేదన్న కారణంతో ఎవర్నీ తిప్పి పంపొద్దని విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ స్పష్టంగా చెప్తుంది.

బడికి మొదటిసారి ఎలా పోవాలి

శాలువా, ఫోటో, వెనక నలుగురు మనుషులు... ఇవి లేకుండా పోండి. ముందురోజు పెద్ద సారుకో మేడంకో ఫోన్ చేసి, "రేపు ప్రార్థనకు వస్తాను, తర్వాత మీకు తీరిక ఉన్నప్పుడు ఒక పావుగంట మాట్లాడదాం" అనండి. ప్రార్థన అయ్యేదాకా పక్కన నిలబడండి. మిమ్మల్ని మాట్లాడమంటారు, తప్పదు. రెండు మాటలు చాలు. నేను మొదటిసారి పదిహేను నిమిషాలు మాట్లాడాను. ఎండలో ఒక పిల్లవాడు కళ్ళు తిరిగి కూర్చున్నాడు. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

తరగతిలోకి పోయి పిల్లల్ని లేపి "పదమూడో ఎక్కం చెప్పు" అనకండి. మీరు తనిఖీ అధికారి కాదు. సారు ముందు పిల్లలు తడబడితే సారుకు అవమానం, ఆ కోపం మర్నాడు పిల్లల మీద పడుతుంది. మీరు చూడాల్సినవి వేరే ఉన్నాయి. మరుగుదొడ్డి తలుపు తీసి చూడండి, ముఖ్యంగా ఆడపిల్లలది. నల్లా తిప్పండి. వంట చేసే చోటు చూడండి. బియ్యం బస్తాలు నేల మీద ఉన్నాయా, చెక్క మీద ఉన్నాయా చూడండి. కరెంటు తీగలు ఎక్కడన్నా వేలాడుతున్నాయా, స్లాబు పెచ్చులు ఊడుతున్నాయా అని ఒకసారి తల ఎత్తి చూడండి. పెచ్చులూడే గదిలో పిల్లలు కూర్చుంటుంటే మిగతా పనులన్నీ పక్కన పెట్టి ఆ రోజే మండల విద్యాధికారి (ఎంఈఓ)కి కాగితం రాయాలి.

తర్వాత పెద్ద సారును నాలుగు అంకెలు అడిగి రాసుకోండి: తరగతివారీగా పిల్లలెందరు, ఇవాళ వచ్చిందెందరు, మంజూరైన పోస్టులెన్ని, ఉన్న సార్లెందరు. ప్రాథమిక పాఠశాలలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 91 నుంచి 120 దాకా నలుగురు ఉండాలన్నది విద్యాహక్కు చట్టం షెడ్యూలు. ఇద్దరున్న చోట ఒకరు సెలవు పెడితే, ఆ రోజు ఐదు తరగతులూ ఒక్కరి నెత్తినే. అలాంటి రోజు మీరు పోయి "చదువు ఏం జరగట్లేదు" అంటే ఆ మనిషి మీతో ఇక మాట్లాడదు. సార్లను జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప వేరే బయటి పనులకు వాడొద్దని చట్టం 27వ సెక్షన్ అంటుంది. సర్వేలకు పంపుతున్నారా అని మెల్లగా అడగండి. సార్ల తరఫున మీరు ఒక్కసారి ఎంఈఓ దగ్గర మాట్లాడితే, బడిలో మీ కుర్చీ గట్టిపడుతుంది.

మీరు మహిళా మెంబరు అయితే ఇంకో మాట. రెండు రాష్ట్రాల్లోనూ సగం సీట్లు మహిళలవే, కానీ బడికి "మెంబరు సాబ్"గా వచ్చేది భర్తే. మీరే పోండి. ఆడపిల్లల మరుగుదొడ్డి సంగతి, ఏడో తరగతి పిల్ల నెలసరి రోజుల్లో ఎందుకు ఇంటి దగ్గర ఉంటోందన్న సంగతి మీ ఆయనకు ఏ మేడమూ చెప్పదు.

కమిటీలో మీ చోటు

విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ పాఠశాల యాజమాన్య కమిటీ ఉండాలి. నూటికి 75 మంది తల్లిదండ్రులే, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళు. మన దగ్గర నియమాల్లో తరగతికి ముగ్గురు తల్లిదండ్రుల చొప్పున ఎన్నుకుంటారు, వాళ్ళలోంచే చైర్మన్. పెద్ద సారు కన్వీనరు. బడి ఏ వార్డులో ఉందో ఆ వార్డు మెంబరుకు పదవి రీత్యా ఒక స్థానం ఉంది. అంగన్‌వాడీ టీచరు, ఊళ్ళోకి వచ్చే నర్సమ్మ (ఏఎన్ఎం) కూడా ఉంటారు. బడి మీ వార్డులో లేకపోతే కమిటీలో మీకు చోటుండదు గానీ, మీ వార్డు పిల్లల తల్లి ఎవరో ఒకరు కమిటీలో ఉండేలా చూసుకోవచ్చు. ఆమె చేత మాట్లాడించడం మీరు మాట్లాడటం కన్నా మేలు.

తెలంగాణలో 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు దానికి అధ్యక్షురాలు, పెద్ద సారు కన్వీనరు. మరమ్మతులు, మంచినీళ్ళు, మరుగుదొడ్లు, కరెంటు పనులు ఆ కమిటీ చేతి మీదుగా జరిగాయి. కాబట్టి "బడి పనులకు డబ్బు ఏ ఖాతాలో ఉంది, సంతకం ఎవరిది" అని ముందు తెలుసుకోండి. రెండు కమిటీల మధ్య "అది వాళ్ళది, ఇది వీళ్ళది" అన్న మాట మీదే చాలా పనులు ఆగిపోతాయి.

కమిటీలో మొదటి మీటింగులో మీరు అడగాల్సింది మినిట్స్ బుక్కు. పోయిన రెండేళ్ళ తీర్మానాలు చదవండి. చాలా బడుల్లో ఒకే చేతిరాతతో, ఒకే పెన్నుతో పన్నెండు మీటింగులు రాసి ఉంటాయి, కింద వేలిముద్రలు. దాన్ని పట్టుకుని గొడవ చేయకండి, పెద్ద సారు కూడా గత్యంతరం లేకే అలా రాసి ఉంటారు. "ఇకనుంచి నిజంగా కూర్చుందాం" అనండి.

నిజంగా కూర్చోవాలంటే టైము మార్చాలి. పగలు పదకొండుకు మీటింగు పెడితే కూలికి పోయే తల్లి రాదు. వస్తే ఆ రోజు కూలి పోతుంది. మేము పౌర్ణమి, అమావాస్య చూసుకుని పెట్టాం. మా దగ్గర అమావాస్య నాడు చాలామంది నాగలి కట్టరు, కూలికి పోరు. మీ ఊళ్ళో ఏ రోజు పని ఉండదో మీకే తెలుసు. సంత రోజు మాత్రం వద్దు.

డబ్బు లెక్క ఒకటి తెలిసి ఉండాలి. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద బడికి ఏడాదికి కాంపోజిట్ గ్రాంటు వస్తుంది. 30 మంది దాకా ఉంటే 10,000 రూపాయలు, 31 నుంచి 100 మంది దాకా 25,000, 101 నుంచి 250 దాకా 50,000, 251 నుంచి 1,000 దాకా 75,000. ఇందులో కనీసం పది శాతం శుభ్రతకు పెట్టాలి. సుద్దముక్కలు, రిజిస్టర్లు, బల్బులు, చిన్న రిపేర్లు అన్నీ ఇందులోనే. వాయిదాల్లో వస్తుంది, ఆలస్యంగా వస్తుంది. ఎంత వచ్చింది, దేనికి పెట్టారు అని అడగడం కమిటీ సభ్యుడిగా మీ హక్కు. దొంగను పట్టుకున్నట్టు కాకుండా ఇంటి ఖర్చు అడిగినట్టు అడగండి. సగం బడుల్లో పెద్ద సారు సొంత జేబులోంచి పెట్టి ఉంటారు. అది బయటపడితే ఊళ్ళో ఆయన గౌరవం పెరుగుతుంది కూడా.

పంచాయతీలో తీర్మానం రాయించడం

నోటిమాటతో చేసినట్టే చేసి మరిచిపోవడం మన పంచాయతీలకు అలవాటు. మీ ఆయుధం తీర్మానం. మీటింగుకు వారం ముందే కార్యదర్శికి కాగితం ఇచ్చి మీ అంశాన్ని ఎజెండాలో పెట్టించండి. "ఇతర విషయాలు" కింద నోటితో చెప్తే చాయ్ వచ్చే సమయానికి దాని వంతు వస్తుంది, పోతుంది.

"బడిని అభివృద్ధి చేయాలి" అని రాస్తే దానికి అర్థం లేదు. ఇలా రాయించండి:

"గ్రామంలోని మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో బాలికల మరుగుదొడ్డికి నీటి సౌకర్యం లేనందున, పంచాయతీ ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి పైపులైను వేసి, 500 లీటర్ల ట్యాంకు అమర్చుటకు, అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) ద్వారా అంచనా తయారు చేయించి, వచ్చే సమావేశం నాటికి ఉంచవలెనని తీర్మానించనైనది. ప్రతిపాదించినవారు: ఫలానా. బలపరచినవారు: ఫలానా."

పని ఏమిటి, ఎక్కడ, అంచనా ఎవరు వేయాలి, ఎప్పటిలోగా. ఈ నాలుగూ ఉంటే తర్వాతి మీటింగులో "ఏమైంది" అని అడగడానికి మీకు పట్టు దొరుకుతుంది. నకలు ఒకటి అడిగి తెచ్చుకోండి. బలపరచడానికి మీ పార్టీ వాణ్ణి కాకుండా ఎదుటి పక్షం మెంబరును అడగండి. బడి విషయంలో కాదనేవాళ్ళు తక్కువ. ఇద్దరు పేర్లు పక్కపక్కన ఉంటే సర్పంచి పక్కన పెట్టలేడు.

నిధులు ఎక్కడివి అంటారు. 15వ ఆర్థిక సంఘం 2021-26 లెక్కలో పంచాయతీ గ్రాంటులో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ మాత్రమే పెట్టాలన్న షరతు ఉండేది. బడి నల్లా, బడి మరుగుదొడ్డి ఆ పద్దులో అడగదగ్గవే. కొత్త ఆర్థిక సంఘం కాలానికి షరతులు ఏమిటో కార్యదర్శిని అడిగి రాసుకోండి. ప్రహరీగోడ, వంటగది లాంటివి చాలా ఊళ్ళలో ఉపాధి హామీలో కట్టారు. 2025 చివర్లో ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం వచ్చింది కాబట్టి ఇప్పుడు ఏ పనులు ఒప్పుకుంటారో మండల పరిషత్ అధికారి (ఎంపీడీఓ) ఆఫీసులో కనుక్కున్నాకే మాట ఇవ్వండి. మాట ఇచ్చి తప్పిన మెంబరును పిల్లలు కూడా మరిచిపోరు.

పంచాయతీ ఏడాది ప్రణాళిక తయారీ ఏటా అక్టోబరు 2న గ్రామసభతో మొదలవుతుంది. మీ పని ఆ ప్రణాళికలో ఎక్కకపోతే, పైసలు వచ్చినప్పుడు "ప్రణాళికలో లేదు" అంటారు. అందుకే సెప్టెంబరులోనే కమిటీ చేత బడి అవసరాల జాబితా రాయించి ఉంచండి. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. ఆ సభకు కమిటీలోని తల్లుల్ని తీసుకుపోండి. ఒక తల్లి లేచి "మా పిల్ల పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా ఉంటోంది, దొడ్డికి పోవాల్సి వస్తుందని" అని చెప్పిన రోజు, నేను ఏడాది నుంచి అడుగుతున్న పైపు వారంలో పడింది.

పైపు పడ్డాక కథ అయిపోలేదు. ట్యాంకు నిండేది మోటారు వేసినప్పుడు, మోటారు వేసేది పంచాయతీ మల్టీపర్పస్ వర్కరు, ఆయన వేసేది పొద్దున ఐదింటికి. బడి తెరిచే సరికి పై ఇళ్ళ వాళ్ళు నీళ్ళు పట్టుకుని ట్యాంకు ఖాళీ. ఆయనతో మాట్లాడి తొమ్మిదిన్నరకు ఇంకో అరగంట మోటారు వేయించడానికి నాకు పట్టింది రెండు బీడీల సేపు. అంతకుముందు పైపు కోసం పట్టింది పదకొండు నెలలు. మరుగుదొడ్డి కడిగేదెవరన్నది అసలు చిక్కు. ఆ పని మీద డబ్బు వస్తోందా, పంచాయతీ మనిషి వస్తాడా, ఎవర్నన్నా పెట్టుకున్నారా అన్నది కమిటీలో తేల్చండి. ఎట్టి పరిస్థితుల్లోనూ పిల్లల చేత, అందులోనూ ఒక కులం పిల్లల చేత, కడిగించకూడదు. అలా జరుగుతోందని తెలిస్తే అక్కడ మర్యాద అక్కర్లేదు, అప్పటికప్పుడు ఆపించండి.

మధ్యాహ్న భోజనం: తినండి, తర్వాత మాట్లాడండి

నెలకు రెండుసార్లు, చెప్పకుండా, పిల్లలతో పాటు కింద కూర్చుని తినండి. మీ పళ్ళెం మీరే కడుక్కోండి. బోర్డు మీద రాసిన మెనూ చూడండి, పళ్ళెంలో ఉన్నది చూడండి.

లెక్క ఇది. ఐదో తరగతి దాకా ఒక్కో పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. ఆరు నుంచి ఎనిమిది దాకా 150 గ్రాములు, 30, 75, 7.5. అంటే ఇవాళ నలభై మంది చిన్నపిల్లలు వస్తే నాలుగు కిలోల బియ్యం, ముప్పావు కిలో పైచిలుకు పప్పు, రెండు కిలోల కూరగాయలు వండి ఉండాలి. సాంబారులో ముక్క వెతుక్కోవాల్సి వస్తోందంటే ఆ రెండు కిలోలు ఎక్కడో తగ్గాయి.

అయితే వంటక్క మీద అరవకముందు ఆమెను పక్కకు పిలిచి అడగండి, "బిల్లులు ఎన్ని నెలలవి రావాలి?" అని. కూరగాయలూ పప్పూ ఆమె అరువు తెచ్చి వండుతుంది. గుడ్డు ధర కార్తీకం పోయాక పెరుగుతుంది, బిల్లు రేటు పెరగదు. కిరాణా కొట్టువాడు మూడు నెలల బాకీ ఉందని పప్పు ఇవ్వకపోతే ఆమె సాంబారును నీళ్ళతోనే పెంచుతుంది. మేము చేసింది ఏమిటంటే, ఊళ్ళో కిరాణా షావుకారును కమిటీ తరఫున అడిగి, బిల్లు వచ్చేదాకా పప్పు ఆపొద్దని మాట తీసుకున్నాం. బాకీ ఎంత ఉందో నెలనెలా ఎంఈఓకు రాతపూర్వకంగా పంపాం. పెరట్లో సొరపాదు, ములగచెట్టు ఉన్న ఇళ్ళవాళ్ళు వారానికోసారి కాయలు ఇచ్చారు. అది దానం అనుకోలేదు ఎవరూ, మన పిల్లలు తినేదే కదా అనుకున్నారు.

ఇంకో సంగతి రాయకుండా ఉండలేను. వంట చేసేది ఫలానా కులం ఆమె అని పిల్లకు టిఫిను డబ్బా కట్టి పంపే ఇల్లు ఇప్పటికీ ఉంటుంది. దాని మీద సభ పెట్టకండి, ఉపన్యాసం ఇవ్వకండి. ఆ ఇంటి పెద్దాయన్ని ఆగస్టు పదిహేనునాడు పిలిచి, మీ పక్కన కూర్చోబెట్టి, ఆమె చేతనే వడ్డించండి. మా ఊళ్ళో ఆయన రెండు ముద్దలు తిని లేచాడు. సోమవారం నుంచి డబ్బా రాలేదు.

బడి ఆవరణ ఊరిది, అదే చిక్కు

బడి గ్రౌండు మీద ఊరందరికీ కన్నుంటుంది. వానాకాలం పంట కోతలప్పుడు వడ్లు ఆరబోస్తారు, ట్రాక్టరు పెడతారు, పెళ్ళికి టెంటు వేస్తారు, గణేష్ మండపం వేస్తారు. అన్నీ వద్దంటే మీరు ఊరికి శత్రువు అవుతారు. అన్నీ సరే అంటే పిల్లలు వడ్ల కుప్పల మధ్య నుంచి నడుస్తారు. మేము పంచాయతీలో పెట్టుకున్న కట్టుబాటు ఇలా ఉంది: బడి నడిచే రోజుల్లో ఆవరణలో వడ్లు పోయకూడదు, ఆదివారాలూ పండగ సెలవులూ పోసుకోవచ్చు, సోమవారం పొద్దున ఎనిమిదికల్లా ఎత్తాలి. పెళ్ళికి ఇస్తే మర్నాడు ఊడ్చి, పగిలిన సీసాలు ఏరి అప్పజెప్పాలి, ముందుగా వెయ్యి రూపాయలు పెట్టాలి, శుభ్రంగా ఉంటే తిరిగి ఇస్తాం. మార్చిలో పదో తరగతి పరీక్షలప్పుడు డీజే వద్దు. ఇది డప్పు వేయించి చెప్పాం. మొదటి ఏడాది తప్పింది మా సొంత పాలివాడే. వాడి దగ్గర వెయ్యి పట్టుకున్నాకే కట్టుబాటు నిలబడింది.

బడికి 100 గజాల లోపు బీడీలు, సిగరెట్లు, గుట్కా అమ్మకూడదని 2003 పొగాకు చట్టం. పద్దెనిమిదేళ్ళు నిండని వాళ్ళకు ఎక్కడా అమ్మకూడదు. బడి గేటు ఎదురుగా ఉన్న డబ్బా కొట్టువాడు మీ ఓటరే. పోలీసులకు చెప్పేముందు మీరే పోయి, "ఇవి తీసేసి పెన్సిళ్ళు, పల్లీపట్టీలు పెట్టుకో, నేనూ కొంటా" అనండి. బెల్టు షాపు సంగతి అంత తేలిగ్గా తేలదు. అక్కడ మహిళా సంఘం తోడు లేకుండా దిగకండి.

గ్రంథాలయం గురించి ఎవరూ అడగరు. మనం ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా వసూలు చేస్తాం. రసీదు తీసి చూడండి. మన ఊరి నుంచి ఆ పేరు మీద ఏటా ఎంత పోతోందో లెక్క వేయించి, జిల్లా గ్రంథాలయ సంస్థకు ఉత్తరం రాయండి, పుస్తకాలు కావాలని. వెంటనే రావు. అందాకా వాడుకలో లేని ఒక గదికి సున్నం వేయించి, రోజూ పేపరు తెప్పించి, సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా తెరవండి. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పిల్లలు ఊళ్ళో ఉంటారు, పోటీ పరీక్షలకు చదువుకోవడానికి వాళ్ళకు చోటు కావాలి. వాళ్ళు అక్కడ కూర్చుంటే చిన్నపిల్లలు వాళ్ళ చుట్టూ చేరి హోంవర్కు అడుగుతారు. ట్యూషన్ అని పేరు పెట్టకుండానే అది ట్యూషన్ అవుతుంది.

బతుకమ్మ ఆడటం బడిలో ఒకరోజు పెట్టండి, ముసలమ్మల్ని పిలవండి. పాటలు వాళ్ళకే వచ్చు. బడి గేటు లోపలికి ఎన్నడూ అడుగుపెట్టని నాయనమ్మ ఆ రోజు వస్తుంది, మనవరాలి తరగతి గది చూసి పోతుంది.

జూన్ నెల, పసుపు బస్సులు

పొద్దున ఏడున్నరకు ఊళ్ళోకి ప్రైవేటు బడి బస్సు వస్తుంది. మీ నోటుబుక్కులో అందులో ఎక్కేవాళ్ళ లెక్క ఉంటుంది. జూన్ 12 ప్రాంతంలో బడులు తెరిచినప్పుడు సార్లు బడిబాట పేరుతో ఇల్లిల్లూ తిరుగుతారు. వాళ్ళతో పాటు తిరగండి. కానీ ఖాళీ చేతులతో "మన బడికి పంపండి" అంటే ఎవరూ వినరు. "మీ పిల్లలు ఎక్కడ చదువుతున్నారు మెంబరు సాబ్?" అని అడుగుతారు, సిద్ధంగా ఉండండి. నన్ను అడిగారు. మా చిన్నవాడు అప్పుడు బస్సులోనే పోతున్నాడు. మరుసటి ఏడాది మన బడికి మార్చాను. ఇంట్లో మూడు రోజులు మాటల్లేవు.

తల్లిదండ్రులకు కావాల్సినవి నిజానికి మూడు: సారు రోజూ వస్తాడా, ఇంగ్లీషు వస్తుందా, పిల్ల క్షేమంగా ఇంటికి వస్తుందా. ఒక శనివారం బడిలో పిల్లల చేత చదివించి చూపించండి, పేపరు అయినా సరే, పాఠం అయినా సరే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న ప్రభుత్వ బడులన్నిట్లో ఒకేరోజు తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. అలాంటిది వచ్చినప్పుడు మీ వార్డు నుంచి ఎవరెవరు పోలేదో ఆ సాయంత్రమే కనుక్కోండి. అక్కడ గ్రామ సచివాలయంలో విద్య, సంక్షేమ సహాయకులు ఉంటారు, వాళ్ళను పట్టుకోండి. పిల్లల సంఖ్య తగ్గితే టీచరు పోస్టు పోతుంది, టీచరు పోతే ఇంకో పదిమంది పిల్లలు పోతారు. ఇద్దరు ముగ్గురు పిల్లలు అటూ ఇటూ అయితే పోస్టు నిలబడే బడులున్నాయి. మీ నోటుబుక్కు ఆ ఇద్దరు ముగ్గురి కోసమే.

చేయకూడనివి కొన్ని

సార్ల బదిలీల జోలికి పోకండి. ఒకర్ని తీయించారని తెలిస్తే మిగతావాళ్ళు మీకు నమస్కారం పెడతారు గానీ నిజం చెప్పరు. సారు పిల్లవాణ్ణి కొట్టాడని తండ్రి వస్తే, కొట్టడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నేరుగా నిషేధం అని ఇద్దరికీ చెప్పండి, కమిటీలో మాట్లాడండి. కొన్ని విషయాలు మాత్రం కమిటీకి కూడా తేవద్దు. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లకు పెళ్ళి కుదిర్చారని తెలిస్తే ముందు ఇంటికి పోయి మాట్లాడండి, వినకపోతే పిల్లల సహాయ నంబరు 1098కు ఫోన్ చేయండి. పిల్లల మీద లైంగిక వేధింపు అని చెవిన పడితే పెద్దమనుషుల పంచాయితీ పెట్టకండి, పైసలతో సర్దుబాటు మాట ఎత్తకండి. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి, దాచిపెట్టడం నేరం. అది మీ బంధువు అయినా, మీ పార్టీ మనిషి అయినా.

దాతల డబ్బు మీ చేతిలోకి తీసుకోకండి. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న మన ఊరి పిల్లలు పదివేలు పంపుతామంటారు. కమిటీ ఖాతాకే పంపమనండి, లేదా వస్తువు కొని ఇవ్వమనండి. ఫ్యాను మీద పేరు రాయించుకుంటామంటే రాయించుకోనివ్వండి, పోయేదేముంది. టీవీలూ కంప్యూటర్లూ అడిగేముందు అవి పెట్టే గదికి తలుపు ఉందా చూసుకోండి. మా బడికి వచ్చిన మొదటి కంప్యూటరు ఆరు నెలలు పెద్ద సారు ఇంట్లో మంచం కింద ఉంది, దొంగల భయానికి.

ఏప్రిల్ చివర్లో బడి మూసే ముందు రోజు ఒకసారి పోండి. ట్యాంకు కడిగించి బోర్లించారా, మిగిలిన బియ్యం ఎన్ని కిలోలో రాసి పెట్టారా, ఎండాకాలం చెట్లకు నీళ్ళు ఎవరు పోస్తారు, గేటు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది అన్నది మాట్లాడుకోండి. ఐదో తరగతి అయిపోయిన పిల్లల పేర్లు అడిగి మీ నోటుబుక్కులో గీత గీయండి. హైస్కూలు పక్కూళ్ళో ఉంటే జూన్‌లో వాళ్ళలో ఎవరు అక్కడ చేరారో, ఎవరు చేరలేదో చూడాలి. ఆడపిల్లల పేర్ల పక్కన చుక్క పెట్టుకోండి, ముందు వాళ్ళ ఇళ్ళకే పోవాలి.